నాన్న పాట ఎవరి నోట

జూన్ 4

అక్కా,

అమ్మ మోకాళ్ళకి పట్టీ వేసుకుంటోందని రాశావు. వేసుకుంటోందా, వేసుకున్నానని నీతో చెప్తోందా అన్నది నువ్వే కళ్ళారా చూసి రాయి. అమ్మ సంగతి నీకు కొత్తగా చెప్పాలా.

నేను బాగానే ఉన్నాను. కొత్త కొట్లో పని పాతదే. అద్దాల గదిలో మనిషిని కూచోబెట్టి, చెవులకి తొడుగులు తగిలించి, బయటి నుంచి సన్నటి శబ్దాలు వదులుతాను. వినపడినప్పుడల్లా చేతిలో బటన్ నొక్కాలి. శబ్దం వదలకపోయినా నొక్కేవాళ్ళున్నారు. నిన్న ఒక పెద్దాయనని అడిగితే, "ఈపాటికి వచ్చుండాలి కదా అని నొక్కానమ్మా" అన్నాడు. ఆయనకి చెవి మిషను అమ్మాలో వద్దో నాకు అర్థం కాలేదు.

సాయంత్రాలతోనే చిక్కు. నా గది మూడో అంతస్తులో ఉంది. కింది వాటా మొగుడూ పెళ్ళాం ఆరింటికి మొదలుపెడితే వాళ్ళ పోట్లాటలో నేను ఎవరి వైపో నాకే తెలియని స్థితికి వచ్చాను. తప్పించుకుందామని లైబ్రరీకి వెళ్ళడం మొదలుపెట్టాను. అక్కడ నోటీసు బోర్డు మీద, పోయిన గొడుగుకీ అద్దె ఇంటికీ మధ్యన, చేత్తో రాసిన చీటీ ఒకటి కనపడింది. "గురువారం సాయంత్రం, రొట్టెల దుకాణం వెనక గది. ఊరివాళ్ళ పాటలు, దూరపువాళ్ళ పాటలు. తలుపు నెట్టండి, తెరిచే ఉంటుంది."

వెళ్ళాను. పిండి బస్తాల మీద దుప్పట్లు పరిచి కూచోబెట్టారు. లేచేసరికి అందరి వెనకవైపులూ తెల్లగా ఉన్నాయి. క్రేను నడిపే ఆయన మూడు తీగల వాయిద్యం ఒకటి తెచ్చాడు. దాని పేరు అడిగితే చెప్పాడు, మళ్ళీ చెప్పమంటే మళ్ళీ చెప్పాడు, మూడోసారి అడగడానికి నాకే సిగ్గేసింది. పళ్ళ డాక్టరొకాయన బుగ్గలు పూరీల్లా పొంగించి గొట్టం ఊదాడు. ఆఫీసులు తుడిచే ఒకావిడ తన దేశం భాషలో పాడింది. ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, ఇంటికి వచ్చాక కూడా ఆ పాట వదల్లేదు.

దుకాణం చిరునామా కింద రాస్తున్నాను. ఎలాగూ అడుగుతావు కదా.

నీ చెల్లి


జూన్ 13

చెల్లీ,

నీ ఉత్తరం కుట్టుమిషను దగ్గర కూచుని రెండుసార్లు చదివాను. అమ్మ పట్టీ వేసుకోవడం లేదు. దాన్ని దిండు కింద పెట్టి, నా అడుగుల చప్పుడు వినపడగానే తొడుక్కుంటోంది.

ఇక నీ పాటల సంగతి. ఊరికే పెట్టేవాడు ఊరికే ఉండడు. తలుపు తెరిచే ఉంటుంది అని రాసిన చోట, బయటికి వచ్చేటప్పుడు కూడా తెరిచి ఉంటుందో లేదో చూసుకోవాలి. క్రేను నడిపేవాడికి తీగలతో ఏం పని? పళ్ళ డాక్టరు పళ్ళు చూడక గొట్టం ఊదడమేమిటి? పగలంతా పని చేసి అలిసినవాళ్ళు ఇంటికి పోయి పడుకోవాలి గాని పిండి బస్తాల మీద చేరతారా? ఏదో అమ్మడానికే చేర్చారు. ఇవాళ కాకపోతే రేపు బయటపెడతారు.

మీ బావకి చదివి వినిపించాను. "పాటలే కదా, పోనీ" అన్నారు. ఈయన పోనీ అన్న ప్రతిసారీ ఈ ఇంట్లో ఏదో ఒకటి పోయింది.

ఒంటరిదానివి. రొట్టెలాయనకి పెళ్ళయిందా? ఈ ముక్క ఫోన్లో అడగాలనుకున్నాను గాని, నేను ఫోనెత్తితే అమ్మ రేడియో ఆపేసి మరీ వింటుంది. అందుకే కాగితం.

పర్సు లోపలి జేబులో పెట్టుకో.

అక్క


జూలై 2

అక్కా,

రొట్టెలాయనకి పెళ్ళయింది, మనవలు కూడా ఉన్నారు, ఒక కన్ను సరిగ్గా కనపడదు. ఇక నిద్రపో.

నిజానికి ఇదొక తీగ లాంటిది. ఒక చోటికి వెళ్తే అక్కడెవరో రెండో చోటు చెప్తారు. ఏటి ఒడ్డున లాంచీలు మానేశాక మూతపడిన టిక్కెట్ల గది ఒకటుంది, ఆదివారం పొద్దున్నే అక్కడ నలుగురు ఆడవాళ్ళు డప్పుల్లాంటివి వాయిస్తారు. వడ్రంగి షాపులో ఒకాయన తను చెక్కిన వాయిద్యాలు తనే వాయిస్తాడు, మధ్యలో ఆపి చెవి ఆనించి విని, కొంచెం గీకి మళ్ళీ మొదలుపెడతాడు. ఎత్తేసిన బ్యాంకులో డబ్బు దాచే ఇనుప గది ఉందే, అందులో పాడితే గొంతు నాలుగు వైపుల నుంచీ తిరిగొస్తుంది. ఈ ఊరివాళ్ళకే ఇవేవీ తెలియవు. మా కొట్టు యజమాని ఇక్కడే పుట్టి పెరిగాడు, "మన ఊళ్ళోనా?" అన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. కూచుని చదువు.

పోయిన గురువారం రొట్టెల దుకాణంలో చివరగా ఒకావిడ పాడింది. నలభై దాటి ఉంటాయి, నాకంటే కొంచెం చిన్నది. సన్నగా ఉంది, వేళ్ళ నిండా గీతల్లా మానిన గాట్లు. వచ్చి నించుంది, ఎవరికీ నమస్కారం లేదు, ఒక్క మాట లేదు. రేకు డబ్బా మీద వేళ్ళతో దరువు వేస్తూ, మాకేసి కాకుండా వీధి తలుపుకేసి చూస్తూ ఎత్తుకుంది.

"గాలికి తలుపుంటే గడియేసేవాణ్ణి, దూరానికి మెడుంటే జంబిలి కట్టేవాణ్ణి."

జంబిలి, అక్కా. నాన్న జంబిలి. గంట అన్న మాట గుర్తురాక లారీ తోలుతూ ఆయన పెట్టుకున్న మాట అది. ఏ నిఘంటువులోనూ లేదు. అర్థం ఏమిటని మనం వెంటపడితే "నాకూ తెలీదే, బండి ఆపలేక పెట్టేశా" అనేవాడు, గుర్తుందా. పాటే ఆయన కట్టుకున్నది. అది మన నలుగురికి తప్ప ఈ భూమ్మీద ఎవరికీ తెలియదనుకున్నాను.

అయిపోగానే ఆవిడ దగ్గరికి వెళ్ళి, "ఈ పాట మీకెలా వచ్చింది?" అని అడిగాను. నాకేసి చూసింది. పెదవులు కదిలాయి. మొహం ఎర్రబడింది. శాలువా తీసుకుని చరచరా వెళ్ళిపోయింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది నాకు.

రొట్టెలాయన్ని అడిగాను. "ఆవిణ్ణి మాటలడక్కండమ్మా. పాడతారు, వెళ్తారు. అంతే" అన్నాడు. అంతే అన్న తీరు చూస్తే అంతే కాదనిపించింది.

నువ్వు ఏమనుకుంటున్నావు?

చెల్లి


జూలై 10

చెల్లీ,

ఏమనుకోవాలో తెలియక నీ ఉత్తరం వచ్చిన రోజు ఒక చొక్కాకి రెండు చేతులూ ఒకే వైపువి కుట్టాను.

నాన్న ఆ పాట ఎక్కడ పాడేవాడు? లారీలో. ఇంట్లో. మన పెరట్లో మనిద్దరినీ చెరో మోకాలి మీద కూచోబెట్టుకుని. పదిమందిలో పాడే మనిషి కాదు. పెళ్ళిలో పాడమంటే భోజనాల వైపు వెళ్ళిపోయేవాడు. అలాంటాయన పాట అంత దూరాన ఒక ఆడమనిషి నోట్లోకి ఎలా వెళ్ళింది? పైగా తప్పు మాటతో సహా. ఒకసారి విని పట్టుకున్నదైతే ఆ మాట దగ్గర ఎవరైనా ఆగి సరిచేసుకుంటారు. జంబిలి అని నిక్కచ్చిగా అందంటే ఎన్నిసార్లు విని ఉండాలి? ఎంత దగ్గర కూచుని విని ఉండాలి?

ఆవిడ మొహం సరిగ్గా చూశావా? ముక్కు ఎలా ఉంది? వయసు నీకంటే తక్కువన్నావు. ఎంత తక్కువ? తల్లి ఎవరు?

నేను ఏం అడుగుతున్నానో నీకు అర్థమయ్యే ఉంటుంది. చేత్తో రాయడానికి చెయ్యి రావడం లేదు.

అమ్మ చెవిన ఒక్క ముక్క పడకూడదు. నీ ఉత్తరాలు కత్తిరింపుల బుట్టలో అడుగున పెడుతున్నాను.

అక్క


జూలై 24

అక్కా,

ఒక వారం నేను నీ మీద కోపంగా ఉన్నాను. పోయిన మనిషిని అలా అనుకోవడానికి నీకు నోరెలా వచ్చిందా అని. తర్వాత కాళ్ళు వాటంతటవే కనుక్కోవడానికి బయల్దేరాయి. ఇప్పుడు నీకు నచ్చని ఉత్తరమే రాస్తున్నాను.

ఆవిడ కిటికీ అద్దాలు కోసే కొట్లో పని చేస్తుంది. చేతుల మీద గాట్లు అందుకే. మొహం చూసుకునే అద్దం కావాలన్న వంకతో వెళ్ళాను. బల్ల మీద పెద్ద పలక పరిచి, కొలబద్ద ఆనించి గీత గీసి, పక్కకి చిన్నగా తట్టింది, పలక రెండయింది. నన్ను గుర్తుపట్టింది. పట్టీ పట్టనట్టు వెనక గదిలోకి వెళ్ళిపోయింది. యజమాని వచ్చి, "ఆవిడ బేరాలు చెయ్యదండీ, నాతో మాట్లాడండి" అన్నాడు.

మాటల్లో పెట్టాను. వాళ్ళమ్మ పోయిందట. ఊరి బయట పెద్ద రోడ్డు మీద ఒకప్పుడు లారీలని తూకం వేసే కాటా ఉండేదట, ఆ కాటా పక్కన ఆ తల్లి టీ కొట్టు నడిపేదట. "మరి తండ్రి?" అన్నాను. ఆయన నవ్వి, "ఏమోనండీ. లారీలు ఆగే చోటు కదా" అన్నాడు.

ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఇంకొకటి. నిన్న మళ్ళీ పాడింది. ఎత్తుకోబోయే ముందు ఎడమ చెవి తమ్మెని రెండు వేళ్ళతో నలిపింది. నాన్న నలిపినట్టే. ముక్కు మాత్రం నాన్న ముక్కు కాదు. అయితే మనిద్దరికీ మాత్రం నాన్న ముక్కు వచ్చిందా?

పక్కన కూచున్న పళ్ళ డాక్టరుని "ఈవిడ తలుపుకేసే ఎందుకు చూస్తుంది?" అని అడిగితే, "ఎవరికోసమో లెండి, మొదటినుంచీ అంతే" అన్నాడు. ఈ ఊళ్ళో అందరికీ అన్నీ తెలుసు, నాకు తప్ప.

చెల్లి


ఆగస్టు 3

చెల్లీ,

కాటా అన్న మాట చదవగానే కత్తెర కింద పెట్టేశాను. ఇంటికి రావడం ఆలస్యమైన ప్రతిసారీ నాన్న ఏమనేవాడు? "కాటా దగ్గర లైనుందే." మనం అన్నం పళ్ళెం ముందు పెట్టుకుని ఆయన కోసం కూచునేవాళ్ళం. అమ్మ పాపం మళ్ళీ వేడి చేసేది. ఎన్ని లైన్లే చెల్లీ. ఆ లైన్లో ముందు ఎవరున్నారో ఇప్పుడు తెలిసింది.

గోడ మీద నాన్న ఫొటో తీసేశాను. అద్దం పగిలింది, బాగుచేయడానికి ఇచ్చానని అమ్మతో చెప్పాను. రోజూ దాని కింద కూచుని బొత్తాలు కుట్టడం నా వల్ల కాలేదు.

నువ్వు ఇంకేమీ కనుక్కోవద్దు. చేయాల్సింది నేను చేశాను.

అక్క


ఆగస్టు 19

అక్కా,

ఏం చేశావు?

రెండు గురువారాలుగా ఆవిడ రావడం లేదు. మొదటిసారి ఒంట్లో బాగులేదేమో అనుకున్నాను. రెండోసారి నేను తలుపు నెట్టగానే గదిలో మాటలు ఆగిపోయాయి. క్రేను ఆయన తీగలు సవరించుకుంటూ తల ఎత్తలేదు. రొట్టెలాయన నన్ను పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళాడు.

"మీ వాళ్ళెవరో ఆవిడకి ఉత్తరం రాశారమ్మా. నా దుకాణం చిరునామాకే వచ్చింది, నా చేత్తోనే ఇచ్చాను. చదివి మడిచి, రేకు డబ్బా ఆ అల్మరాలో పెట్టేసి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఎన్నేళ్ళుగానో పాడుతున్న మనిషి. ఏం రాశారు మీరు?"

నేను రాయలేదన్నాను. ఆయన నమ్మలేదు. "ఆవిడని అడక్కండి అని మీకు చెప్పాను కదా" అన్నాడు. ఎందుకు అడక్కూడదో ఇప్పుడైనా చెప్పమన్నాను. "అది ఆవిడ చెప్పుకోవాల్సింది గాని నేను చెప్పేది కాదు" అన్నాడు. వాళ్ళందరూ కలిసి ఏదో దాస్తున్నారు. అది చిరాకే. కాని వాళ్ళు నన్ను చూసిన చూపు అంతకంటే చిరాకుగా ఉంది. ఇంత పెద్ద ఊళ్ళో ఆ గది ఒక్కటే నేను తలుపు నెట్టుకుని వెళ్ళగలిగింది.

నువ్వేనా రాసింది? దాచకుండా చెప్పు.

చెల్లి


ఆగస్టు 28

చెల్లీ,

నేనే. చిరునామా నువ్వే ఇచ్చావు కదా. రాసింది మూడే ముక్కలు. "మా నాన్న పాట మీ నోటికి ఎలా వచ్చిందో మాకు తెలుసు. మాకూ అమ్మ ఉంది. ఆ పాట ఇక పాడకండి." అందులో ఒక్క చెడ్డ మాట ఉందేమో చూడు. నీ ఉత్తరం చదివాక కూడా నేను చేసింది తప్పనుకోలేదు. పోయిన మంగళవారం దాకా అనుకోలేదు.

మంగళవారం అమ్మ నన్ను పిలిచి, "అద్దం మార్చడానికి ఇన్నాళ్ళా? ఆ కొట్టెక్కడో చెప్పు, నేనే వెళ్ళి నాలుగు దులుపుతా" అంది. ఏదో నసిగాను. "నీ మొహం చూస్తే తెలుస్తోందిలే. ఫొటో నీ గుడ్డల మూటల కింద ఉంది, మొన్నే చూశాను. మీ నాన్న చచ్చి ఇన్నేళ్ళకి నీకేం అపకారం చేశాడే?"

ఇక ఆగలేకపోయాను. అంతా చెప్పేశాను. కాటా, టీ కొట్టు, పాట, చెవి తమ్మె. చెప్తూ ఏడ్చాను కూడా. అమ్మ నన్ను దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను. నవ్వింది, చెల్లీ. దగ్గొచ్చి, మంచినీళ్ళు తాగి మళ్ళీ నవ్వింది.

"ఆ నత్తి పిల్లా? బతికే ఉందా? పాడుతోందా?"

అప్పుడు చెప్పింది. ఆ టీ కొట్టావిడ మొగుడు కూడా లారీ డ్రైవరేనట. ఆ కాటా దగ్గరే బండి కింద పడి చనిపోయాడు. పిల్లకి నత్తి. నోరు తెరిస్తే డ్రైవర్లు నవ్వేవారని మాట్లాడటమే మానేసింది. టీ గ్లాసులు అందించడం, ఖాళీవి తీసుకోవడం, అంతే. నాన్న ఒకసారి తూకానికి లైన్లో ఆగి పాడుకుంటూ ఉంటే బండి పక్కన వచ్చి నించుంది. తర్వాత ఆగినప్పుడల్లా వచ్చేది. ఒకరోజు పాడింది. ఒక్కచోట కూడా తడబడలేదట. "ఇంటికొచ్చి నాతో చెప్తూ, ఆ పూట అన్నం కూడా తినలేదే మీ నాన్న" అంది అమ్మ.

ఇంకొకటి కూడా అంది. "చిన్నదాని పాత గౌన్లు ఏమయ్యాయో మీరెప్పుడైనా అడిగారా? లారీలో ఎక్కించి పంపింది ఎవరనుకున్నారు?"

నీ గౌన్లు, చెల్లీ. మెడ దగ్గర కుట్టుపువ్వులున్న పసుప్పచ్చది పోయిందని నువ్వు గోల చేసింది నాకు బాగా గుర్తుంది.

ఫొటోని మూటల కింద నుంచి నేను తియ్యలేదు, అమ్మే తన చేత్తో మళ్ళీ తగిలించింది. నన్ను చూడమంది. చూడలేకపోయాను.

నువ్వు వెళ్ళు. ఏం చెప్పాలో నాకు తెలియదు. నేను రాసిన ఉత్తరానికి నన్ను తిట్టనీ, నువ్వు అడ్డం పడకు.

అక్క


సెప్టెంబర్ 14

అక్కా,

వెళ్ళాను. అద్దాల కొట్టు మూసే వేళకి వెళ్ళి గుమ్మం దగ్గర నించున్నాను. ఆవిడ చేతులకున్న తోలు తొడుగులు తీస్తోంది. నన్ను చూసి గోడ వైపు తిరిగింది.

"నేను పోట్లాటకి రాలేదు. మా నాన్న లారీ డ్రైవరు. కాటా దగ్గర మీకు పాట నేర్పింది ఆయనే" అన్నాను.

తిరిగింది. చెప్పడానికి ప్రయత్నించింది. అక్కా, నేను రోజూ మనుషుల చెవులు పరీక్ష చేసేదాన్ని. ఎదుటి మనిషి మాట కోసం అంతసేపు ఆగడం నాకు అలవాటు లేదు. రెండుసార్లు ఆవిడ మాట నేనే పూర్తి చేయబోయాను. రెండుసార్లూ తప్పు మాటే అందించాను. మూడోసారి నోరు మూసుకుని అక్కడున్న స్టూలు మీద కూచున్నాను. అప్పుడు చెప్పింది.

"ఆ... ఆయనకి... కో... కోపం వచ్చిందా? నే... నేను పాడుతున్నానని?"

నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. నీ ఉత్తరం నాన్నే రాయించాడనుకుంది. తన పాట పదిమందిలో పాడుతోందని ఆయనకి ఎవరో చెప్పి ఉంటారని, ఇష్టం లేక కూతురి చేత రాయించాడని. పాట ఆయనది, వద్దంటే మానేయాలి కదా అని డబ్బా అల్మరాలో పెట్టి వచ్చేసింది. పెద్ద రోడ్డు వేరే వైపు మళ్ళాక ఆ కాటా ఎత్తేశారట. లారీలు రావడం మానేశాయి, నాన్నా కనపడలేదు. అప్పటి నుంచీ ఎక్కడ పాడినా తలుపుకేసి చూస్తుంది. డ్రైవర్లు ఎక్కడైనా ఆగుతారు కదా, ఏదో ఒక రోజు పాట విని లోపలికి వస్తాడేమోనని.

"బా... బాగున్నారా ఆయన?" అంది.

ఏం చెప్పమంటావు? చెప్పాను. పోయి పన్నెండేళ్ళయిందని. ఆవిడ బల్ల మీద అద్దం ముక్కలు ఒక్కొక్కటీ ఏరి డబ్బాలో వేసింది. అన్నీ అయ్యేదాకా తల ఎత్తలేదు.

తర్వాత, తనకి చిన్నప్పుడు నాన్న ఏం చెప్పాడో చెప్పింది. ఆ మాట దాకా రావడానికే చాలాసేపు పట్టింది. "మాట గతుకుల రోడ్డే పిల్లా. పాట తారు రోడ్డు. నువ్వు తారు రోడ్డు మీద పో, ఎవడాపుతాడో చూద్దాం" అన్నాడట. అచ్చం నాన్న మాటే. ఇది చెప్తున్నప్పుడు మాత్రం ఒక్కసారి కూడా ఆగలేదు. ఎన్నిసార్లు లోపల అనుకుందో మరి.

ఆవిడ నన్ను చూసి పారిపోయిందని, మాట్లాడకుండా దాస్తోందని నీకు రాసింది నేనే. తప్పు నీ ఒక్కదానిదే కాదు.

పాడమని నేను అడగలేదు. నాకు ఆ హక్కు ఎక్కడిది? అమ్మ అడిగితే పాడుతుందేమో. మీరు రాగలరా?

చెల్లి


అక్టోబర్ 20

చెల్లీ,

క్షేమంగా చేరాం. అమ్మ దారి పొడుగునా పట్టీ వేసుకుంది, అది నిజం, పక్కనే కూచున్నాను కాబట్టి చెప్తున్నాను. మీ బావ ఇల్లు బాగానే చూసుకున్నారు. ఒక్క కుండీలో మొక్క మాత్రం పోయింది.

నీ దగ్గర ఉన్నప్పుడు నేను ఎక్కువ మాట్లాడలేదని నువ్వు అనుకుని ఉంటావు. ఆ గదిలోకి అడుగు పెట్టేదాకా నాకు అనుమానమే. పర్సు లోపలి జేబులోనే పెట్టుకున్నాను. రొట్టెలాయన నాకు కుర్చీ వేస్తే, నాకొక్కదానికే కుర్చీ ఎందుకా అనుకున్నాను. పిండి అంటుకుంటుందని వేశాడని తర్వాత తెలిసింది. ఆవిడ వచ్చినప్పుడు కూడా ముక్కు చూశాను, చెవులు చూశాను, నడక చూశాను. ఈ అలవాటు ఇక పోదులే.

కాని అమ్మ లేచి వెళ్ళి, ఆవిడ మొహం రెండు చేతులతో పట్టుకుని, "గౌన్లు సరిపోయేవామ్మా నీకు?" అని అడిగిందే, అప్పుడు చూశావా ఆవిణ్ణి. మాట కోసం వెతుక్కుంటూ ఉంటే మన అమ్మ, మన అమ్మే, ఎవరినీ ఒక మాట పూర్తి చెయ్యనివ్వని మనిషి, కదలకుండా నించుంది. "ప... పసుప్పచ్చది... కొంచెం వదులు" అంది ఆవిడ. గదంతా నవ్వింది. ఆవిడా నవ్వింది. ఆ తర్వాత పాడింది. ఈసారి తలుపుకేసి చూడలేదు, అమ్మకేసి చూస్తూ పాడింది. నేను ఏడవలేదు. పిండి కళ్ళలో పడింది.

నేను క్షమించమని అడిగినప్పుడు నువ్వు పొయ్యి దగ్గర ఉన్నావు. ఆవిడ నా కోటు అంచు పట్టుకుని, తిప్పి, లోపలి కుట్టు చూసి, బాగుందన్నట్టు తల ఊపింది. అది క్షమించడమో, కుట్టు మెచ్చుకోవడమో నాకు తెలియదు. నేనైతే క్షమించేదాన్ని కాదు.

రైల్లో ఒక మాట అయింది. అది నీకు రాయడానికే ఈ ఉత్తరం.

అమ్మ కిటికీ పక్కన కూచుంది. నాకు ఇంకా లోపల ఒకటి ఆరకుండా ఉంది. అడిగేశాను. "అన్నీ మంచి పనులే అయితే నాన్న మా ఇద్దరికీ ఎందుకు చెప్పలేదమ్మా? నీకు చెప్పాడు, గౌన్లు తీసుకెళ్ళాడు, మాకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు."

అమ్మ బయటికే చూస్తూ అంది. "చెప్తే ఇవ్వనిచ్చేవాళ్ళా మీరు?"

"గౌన్లా? ఇచ్చేవాళ్ళం."

"గౌన్లు కాదే. పాట."

రెండు స్టేషన్లు దాటాయి. చిన్నపిల్లనైన నన్ను తలుచుకున్నాను. నాన్న మోకాలి మీద నీకు చోటివ్వడానికే గొడవపడినదాన్ని. కాటా దగ్గర ఇంకో పిల్ల ఆ పాట పాడుతోందని తెలిస్తే ఏం చేసేదాన్నో నాకు బాగా తెలుసు. ఏడ్చి, అలిగి, అన్నం మానేసి, ఇక అక్కడ పాడనని ఆయన చేత ఒట్టు వేయించేదాన్ని. నాన్న వేసేవాడు కూడా. నా మాట కాదనేవాడు కాదు. అప్పుడు ఆ పిల్ల ఇవాళ్టికీ గ్లాసులు కడుగుతూ నోరు విప్పకుండా ఉండేది.

"ఇవ్వనిచ్చేదాన్ని కాదమ్మా" అన్నాను.

అమ్మ నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. "ఆయనకి తెలుసులే" అంది, కళ్ళు మూసుకుని పడుకుంది.

అక్క